7 కిలోల సంచితో యూరప్: చేతి సామానుతోనే వెళ్ళి రావడం ఎలా?

మొదటిసారి యూరప్ వెళ్ళినప్పుడు అత్తయ్యగారికి, మా ఆయనకి, నాకు తలా ఒక పెద్ద సూట్‌కేసు ఉండేది. పన్నెండు రోజుల ప్రయాణానికి అరవై కిలోల పైమాటే. పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్‌లో దిగి మెట్రో వైపు నడిచేసరికి ఎటు చూసినా మెట్లే. పారిస్ మెట్రో 1900లో మొదలైంది. పాత స్టేషన్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు. మా ఆయన ఆ మూడు పెట్టెల్నీ ఒక్కొక్కటిగా దింపి, పైన మిగిలినవాటికి నేను కాపలా ఉండి, అత్తయ్యగారు కింద దిగినవాటికి కాపలా ఉండి, గంట గడిచిపోయింది. వెనిస్‌లో ఇంకా కష్టం. అక్కడ నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి. దాదాపు అన్నిటికీ మెట్లే కాబట్టి చక్రాలు పనికిరావు. ఇంటికొచ్చి పెట్టెలు విప్పితే సగం బట్టలు ఇస్త్రీ మడత కూడా విప్పకుండా తిరిగొచ్చాయి.

రెండోసారి ముగ్గురం మూడు చిన్న సంచులతో వెళ్ళాం. అత్తయ్యగారికి అప్పుడు అరవై నాలుగేళ్ళు. తన సంచి తనే లాక్కున్నారు. ఆ రెండు ప్రయాణాల మధ్య నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. వారం నుంచి మూడు వారాల దాకా విహారయాత్రకు వెళ్ళేవాళ్ళకి ఇది సరిపోతుంది. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండటానికి వెళ్ళే అమ్మానాన్నలకు, చంటిబిడ్డతో వెళ్ళేవాళ్ళకు, పెళ్ళికి వెళ్ళేవాళ్ళకు ఇది కుదరదు. వాళ్ళు హాయిగా పెద్ద పెట్టెలే తీసుకోవాలి.

ముందు టికెట్ చూడండి, తర్వాతే షాపుకి వెళ్ళండి

చాలామంది బ్యాగు కొన్నాక టికెట్ నియమాలు చదువుతారు. నేనూ అదే చేశాను. చేతి సామాను అన్ని విమానాల్లోనూ ఒకటి కాదు. ఎకానమీలో ఎమిరేట్స్, ఖతార్, ఎయిర్ ఇండియా 7 కిలోలే ఒప్పుకుంటాయి. హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళే లుఫ్తాన్సాలో 8 కిలోలు. కేఎల్ఎంలో బ్యాగు, దానితోపాటు తీసుకెళ్ళే చిన్న సంచి రెండూ కలిపి 12. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో అయితే ఒక్కోదానికి 23 కిలోల దాకా పరవాలేదు, కాకపోతే దాన్ని తలపైన అరలోకి మీరే ఎత్తుకోవాలి.

కొలతలూ అంతే. లుఫ్తాన్సా 55×40×23 సెంటీమీటర్లు అంటే, ఖతార్ 50×37×25 అంటుంది. లుఫ్తాన్సాకి సరిపోయిన 55 సెంటీమీటర్ల బ్యాగు ఖతార్ లెక్కలో 5 సెంటీమీటర్లు పొడుగు. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొన్న రోజు ఒకసారి, బయల్దేరే వారం ఒకసారి ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఒకే ప్రయాణంలో రెండు మూడు సంస్థల విమానాలుంటే అన్నిటిలోకీ కఠినమైన నియమమే మీ నియమం.

ఇక్కడే ఒక గోతి ఉంది. యూరప్ లోపల ఊరి నుంచి ఊరికి చవక విమానం దొరికిందని సంబరపడతాం. రయన్‌ఎయిర్‌లో ఉచితంగా ఒప్పుకునేది 40×30×20 సెంటీమీటర్ల సంచి, అంటే 24 లీటర్లు. పిల్లల స్కూలు బ్యాగంత. ఈజీజెట్‌లో 45×36×20. మీ ట్రాలీ అందులో పట్టదు, గేటు దగ్గర కట్టించుకునే డబ్బు ఒక్కోసారి టికెట్ ధరను మించుతుంది. బ్యాగుకి ముందే డబ్బు కట్టండి, లేదా రైల్లో వెళ్ళండి. పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్, రోమ్ నుంచి వెనిస్ లాంటి దూరాలకు నా ఓటు రైలుకే. అక్కడ ఎవరూ సామాను తూచరు.

మన దేశంలో భద్రతా నియమం ప్రకారం ఒకటే చేతి బ్యాగు. ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు, చిన్న ల్యాప్‌టాప్ సంచి లాంటివి దానికి అదనంగా చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. ఆ అదనపు సంచికి ఎంత బరువు, ఎంత కొలత అన్నది కూడా చదివి పెట్టుకోండి. చివర్లో ప్రాణం నిలిపేది అదే.

బ్యాగు: కొలత కంటే బరువు ముఖ్యం

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. బ్యాగు సొంత బరువు కూడా ఆ 7 కిలోల్లోనే లెక్క. గట్టి ప్లాస్టిక్ పెంకు, నాలుగు చక్రాలున్న చిన్న ట్రాలీలు చాలావరకు రెండున్నర నుంచి మూడు కిలోలు తూగుతాయి. అలాంటిది కొంటే మీకు మిగిలేది నాలుగు కిలోలు చిల్లర. 55×40×20 బ్యాగులో లెక్కకి 44 లీటర్ల చోటు ఉంటుంది. నింపుతూ పోతే 7 కిలోలు ఎప్పుడో దాటిపోతాయి. చోటు మిగిలిందని సర్దేవాళ్ళే గేటు దగ్గర దొరికిపోతారు.

నేను కొన్నది రెండు చక్రాల మెత్తటి గుడ్డ బ్యాగు, 1.9 కిలోలు. షాపులో అది పాత మోడల్‌లా ఒక మూలన ఉంది. సేల్స్ అబ్బాయి నాలుగు చక్రాలదే చూపించాడు. విమానాశ్రయం నున్నటి నేల మీద నాలుగు చక్రాలది నీళ్ళలా కదులుతుంది, నిజమే. రోమ్‌లో రాళ్ళు పరిచిన వీధిలోకి వెళ్ళాక ఆ చిన్న చక్రాలు సందుల్లో ఇరుక్కుంటాయి, విరుగుతాయి. రెండు చక్రాలవి కొంచెం పెద్దవిగా, బ్యాగు లోపలికి ఒదిగి ఉంటాయి కాబట్టి అవి తట్టుకుంటాయి. మెత్తటి బ్యాగుకి ఇంకో సుగుణం ఉంది. గేటు దగ్గర కొలత చూసే ఇనుప చట్రంలో కాస్త అదిమితే దిగుతుంది. పెంకు బ్యాగు అర సెంటీమీటరు ఎక్కువున్నా దిగదు.

షాపుకి వెళ్ళేటప్పుడు కొలత టేపు, బ్యాగులు వేలాడదీసి తూచే చిన్న కాటా తీసుకెళ్ళండి. చీటీ మీద అచ్చయిన కొలత చాలాసార్లు చక్రాలు, పిడి వదిలేసి వేసిందై ఉంటుంది. విమానం వాళ్ళు వాటితో సహా కొలుస్తారు. నేల నుంచి పిడి పైదాకా, ముందు జేబు ఉబ్బుతో సహా మీరే కొలవండి. జిప్పు చుట్టూ ఇంకో జిప్పు ఉండి, తీస్తే బ్యాగు వెడల్పయ్యే రకం దొరుకుతుంది. ఆ రెండో జిప్పు తీస్తే కొలత దాటిపోతుంది కాబట్టి అది ఉందని మురిసిపోకండి. లాగే కడ్డీని పూర్తిగా పైకి తీసి, అటూ ఇటూ ఊపి చూడండి. మీ చెయ్యి వంగకుండా అందాలి. తర్వాత బ్యాగులో షాపులోని బరువేదైనా పెట్టి తలపైకి ఎత్తి చూడండి. విమానంలో చేయాల్సింది అదే.

వీపు సంచి సంగతి. మోకాళ్ళు, నడుము బాగుండి, రోజుకో ఊరు తిరిగే వయసువాళ్ళకి 35 నుంచి 40 లీటర్ల వీపు సంచి ట్రాలీ కంటే మేలు. కిలో, కిలోంపావులో వస్తుంది, మెట్లు, వంతెనలు దానికి లెక్కే కాదు. పైనుంచి మాత్రమే తెరుచుకునేది కాకుండా, సూట్‌కేసులా పూర్తిగా విచ్చుకునేది తీసుకోండి. నడుముకి కట్టుకునే పట్టీ ఉండాలి. అత్తయ్యగారి వయసువాళ్ళకి చక్రాలే.

లోపల ఫోన్ ఛార్జింగ్ కోసం బ్యాటరీ ఉన్న స్మార్ట్ బ్యాగులు కొనే ఉద్దేశం ఉంటే బ్యాటరీ బయటకు తీయగలిగేదేనా అని చూసుకోండి. తీయలేని రకాన్ని 2018 నుంచి విమానాలు ఒప్పుకోవడం లేదు.

బట్టలు: ఎన్ని అన్నది కాదు, ఎంతసేపట్లో ఆరతాయి అన్నది

పన్నెండు రోజులకు పన్నెండు జతలు అన్న లెక్క మర్చిపోండి. నాలుగు జతలు చాలు, మిగతా పని సబ్బు చేస్తుంది. అందుకే ఆరే గుణం చూసి బట్టలు ఎంచుకోవాలి. నాకు మంగళగిరి నేత కుర్తీలంటే ప్రాణం. కానీ ఏప్రిల్ నెలలో చల్లటి హోటల్ గదిలో అవి ఆరడానికి రెండు రాత్రులు పట్టింది. సింథటిక్ నూలు కలిసిన పలుచటి కుర్తీలు రాత్రి ఉతికితే పొద్దున్నకి తొడుక్కోవచ్చు. జీన్స్ ఒక్కటే 700 గ్రాముల దాకా తూగుతుంది, తడిస్తే ఆరదు. తప్పదనుకుంటే విమానంలో వేసుకుని వెళ్ళండి, సంచిలో మాత్రం పెట్టకండి.

అత్తయ్యగారు చీర తప్ప కట్టరు. పట్టుచీర, గంజిపెట్టిన నూలుచీర ఇంట్లో వదిలి, క్రేపు, జార్జెట్ చీరలు మూడు తీసుకున్నారు. ఒక్కోటి 350 గ్రాముల లోపు. చలికి లంగా లోపల థర్మల్ లెగ్గింగ్, జాకెట్టు మీద పొడుగు చేతుల థర్మల్, ఆపైన స్వెటర్. ఇంత లావు కోటు కంటే ఇలా పొరలుగా వేసుకోవడమే వెచ్చగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండ కాస్తే ఒక పొర తీసేయొచ్చు కూడా.

తువ్వాలు బదులు మన తుండుగుడ్డ. దీనికి మించిన ప్రయాణపు వస్తువు నేను చూడలేదు. 150 గ్రాములు ఉంటుంది, గంటలో ఆరుతుంది. ఉతికిన కుర్తీని పిండి, తుండులో పరిచి, చుట్టగా చుట్టి, గట్టిగా మెలితిప్పితే నీళ్ళన్నీ తుండు పీల్చుకుంటుంది. తర్వాత హ్యాంగర్‌కి తగిలిస్తే తెల్లారేసరికి ఆరిపోతుంది. బట్టల సబ్బు సగం ముక్క చాలు. ఒక పెద్ద చున్నీ కూడా ఉంచుకోండి. విమానంలో దుప్పటి అవుతుంది, రోమ్‌లో సెయింట్ పీటర్స్ లాంటి చర్చిల్లో భుజాలు కప్పుకోవడానికి పనికొస్తుంది. అక్కడ భుజాలు, మోకాళ్ళు కనిపించేలా వెళ్తే లోపలికి రానివ్వరు.

బూట్లు కాళ్ళకే ఉండాలి. సంచిలో ఒక జత తేలికపాటి చెప్పులు. కొత్త బూట్లతో మాత్రం ప్రయాణం మొదలుపెట్టకండి. నెల ముందు కొని రోజూ నడిచి కాళ్ళకి అలవాటు చేసుకోండి.

నా 7 కిలోల లెక్క

ఒక్కో వస్తువూ వంటింటి కాటా మీద పెట్టి రాసుకున్నాను. బ్యాగు 1900 గ్రాములు. నాలుగు కుర్తీలు, ఒక పాంటు, రాత్రి బట్టలు, లోదుస్తులు, సాక్సులు కలిపి 1750. పలుచటి స్వెటర్, చెప్పులు, తుండు 750. సబ్బులు, మందులు 800. ఛార్జర్, చిన్న పవర్ బ్యాంకు, ప్లగ్గు 400. గొడుగు, తాళం, కాగితాలు 400. తిండి 800. మొత్తం 6.8 కిలోలు. మిగిలిన 200 గ్రాములు ఖాళీగానే వదిలేశాను, ఎందుకంటే ఇంటి కాటాకి, విమానాశ్రయం కాటాకి ఎప్పుడూ కాస్త తేడా ఉంటుంది. ఒకసారి 7.4 తూగిన సంచికి గేటు దగ్గర డబ్బు కట్టి, అది కళ్ళముందే విమానం అడుగుకి వెళ్ళిపోతుంటే చూశాను. అందులోనే అత్తయ్యగారి బీపీ మాత్రలున్నాయి. సంచి రెండు రోజులు ఆలస్యంగా చేరింది. ఆ రెండు రోజుల కంగారు వల్లే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను. విమానయాన సామాను లెక్కలు తీసే సీటా సంస్థ ప్రకారం 2024లో ప్రతి వెయ్యి మంది ప్రయాణికులకు 6.3 పెట్టెలు దారి తప్పడమో, ఆలస్యం కావడమో, దెబ్బతినడమో జరిగింది. వాటిలో పెద్ద వాటా మధ్యలో విమానం మారే చోటే. మనవాళ్ళలో చాలామంది గల్ఫ్‌లో విమానం మారి వెళ్ళేవాళ్ళే.

అందుకే రోజూ వేసుకునే మందులు, పాస్‌పోర్టు, కళ్ళజోడు, షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా) కోసం తీసుకున్న 30,000 యూరోల బీమా కాగితం ట్రాలీలో కాదు, భుజానికుండే హ్యాండ్‌బ్యాగులో పెట్టండి. ట్రాలీ గేటు దగ్గర లాగేసుకున్నా అవి మీతోనే ఉంటాయి. మందులు వాటి అట్టల్లోనే, డాక్టరు చీటీతో పాటు ఉండాలి. దుబాయ్, అబుధాబి మీదుగా వెళ్తుంటే ఒకటి గమనించండి. కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు అక్కడ నియంత్రణలో ఉన్న మందులు.

తిండి: మన సంచి బరువెక్కేది ఇక్కడే

నిజం చెప్పుకుందాం. తెలుగువాళ్ళ పెట్టెలో బట్టల కంటే సీసాలే బరువు. ఆవకాయ, గోంగూర, పులిహోర గుజ్జు, నెయ్యి ఇవన్నీ భద్రతా తనిఖీలో ద్రవాల కింద లెక్క. ఒక్కోటి 100 మిల్లీలీటర్ల లోపు డబ్బాలో ఉండాలి, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శకపు సంచిలో పట్టాలి. 2006 ఆగస్టులో లండన్ నుంచి బయల్దేరే విమానాల్లో ద్రవ పేలుడు పదార్థాలు పెట్టాలన్న కుట్ర బయటపడ్డాక వచ్చిన నియమం ఇది. కొన్ని విమానాశ్రయాల్లో కొత్త స్కానర్లు వచ్చాక సడలించారు గానీ, దారిలో ఒక్క చోట పాత నియమం ఉన్నా సీసా చెత్తబుట్టలోకి పోతుంది. నాకైతే ఆ 100 మిల్లీలీటర్ల చోటు పచ్చడికి ఇవ్వడంలో తప్పేమీ కనిపించదు. చిన్న స్టీలు డబ్బా వద్దు, మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన రెండు కవర్లు చుట్టండి.

యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. అంటే నెయ్యి, పన్నీరు, చికెన్ పచ్చడి ఇంట్లోనే ఉండాలి. పచ్చి కరివేపాకూ అంతే. పండ్లు, ఆకులు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అనాస, కొబ్బరి, దురియన్, అరటి, ఖర్జూరం అన్న ఐదింటికే మినహాయింపు. అక్కడ మినహాయింపు ఉన్నా కొబ్బరికాయని మన దగ్గరే చేతి సామానులో రానివ్వరు. 2024లో శబరిమల వెళ్ళే అయ్యప్ప భక్తుల ఇరుముడిలోని కాయకు ప్రత్యేకంగా కొద్ది నెలల అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఎండుకొబ్బరి అయితే నూనె వల్ల తనంతట వేడెక్కి అంటుకునే సరుకుల్లో చేరింది, దాన్ని అసలు తీసుకెళ్ళొద్దు. కారప్పొడి చేతి సంచిలో ఉంటే ఆపే అవకాశం ఎక్కువ. ఇక గసగసాలు. యూఏఈలో అవి నిషేధం. మసాలాపొడిలో, కుర్మా పొడిలో గసగసాలు కలిపే అలవాటు మన ఇళ్ళలో ఉంది కాబట్టి గల్ఫ్ మీదుగా వెళ్ళేవాళ్ళు అలాంటి పొడులు ముట్టుకోకండి.

మరి ఏం తీసుకెళ్ళాలి? వేడినీళ్ళు పోస్తే తయారయ్యే ఉప్మా, పోహా ప్యాకెట్లు ఆరో ఏడో, కందిపొడి చిన్న ప్యాకెట్, జంతికలు కొన్ని. బ్రిటన్ హోటళ్ళలో గదిలో కెటిల్ మామూలే గానీ ఫ్రాన్స్, ఇటలీలో చాలాచోట్ల ఉండదు, బుక్ చేసేటప్పుడే అడగండి. మిగతాది అక్కడే దొరుకుతుంది. పారిస్‌లో గార్ దు నోర్ పక్కనే లా షపెల్ పేటలో శ్రీలంక తమిళుల హోటళ్ళు వరసగా ఉంటాయి, వేడి దోసెలు తినొచ్చు. రోమ్‌లో పియాజా విత్తోరియో దగ్గర బజార్లో పప్పు, బియ్యం, పచ్చిమిర్చి అన్నీ ఉన్నాయి. లండన్ ఈస్ట్ హామ్‌లో అయితే మన ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది. రెండో ప్రయాణంలో వంటిల్లున్న గది తీసుకుని, రోమ్‌లో కొన్న కందిపప్పుతో అత్తయ్యగారు చేసిన టమాటా పప్పు ఇప్పటికీ మా ఇంట్లో తలుచుకుంటాం.

సబ్బులు, కరెంటు

షాంపూకి మన దగ్గర దొరికే చిన్న ప్యాకెట్లు చాలు. ఒక్కోటి పది మిల్లీలీటర్లు కూడా ఉండదు. ముఖానికి, ఒంటికి ఒకే సబ్బు బిళ్ళ. సబ్బు ద్రవం కాదు కాబట్టి లెక్కలోకి రాదు. కొబ్బరినూనె గడ్డకట్టినా ద్రవం కిందే చూస్తారు.

పవర్ బ్యాంకు చేతి సామానులోనే ఉండాలి, కింద వేసే పెట్టెలో పెట్టకూడదు. పరిమితి 100 వాట్ అవర్లు. 20,000 ఎంఏహెచ్ దాన్ని 3.7 వోల్టులతో గుణించి, వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు, అంటే పరవాలేదు. నాకు 10,000దే చాలింది, బరువు సగం. అంకెలు చెరిగిపోయిన పాతది తీసుకెళ్ళకండి, అనుమానమొస్తే తీసేసుకుంటారు. ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడకాన్నే ఆపేసింది. ఒకటి వెంట ఉంచుకోవచ్చు, ఛార్జింగ్ మాత్రం పెట్టకూడదు. ఫోన్ నిండుగా ఛార్జ్ చేసుకునే ఎక్కండి.

యూరప్‌లో 230 వోల్టులే, మనలాగే. మన ఫోన్ ఛార్జర్ల సన్నటి రెండు పుల్లల ప్లగ్గు చాలావరకు అక్కడ నేరుగా పడుతుంది. బ్రిటన్‌లో మాత్రం చదరపు మూడు పుల్లల సాకెట్టు, దానికి అడాప్టరు కావాలి. ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడండి.

సర్దడం, తూచడం

చుట్టి పెట్టినా, మడిచి పెట్టినా బరువు మారదు, కాబట్టి దాని మీద ఎక్కువ ఆలోచించకండి. చీరల షాపువాళ్ళిచ్చే జిప్పు కవర్లలో ఒక్కో రకం బట్టలు పెట్టుకుంటే విడిగా సంచులు కొననక్కర్లేదు. ట్రాలీలో బరువైనవి చక్రాల వైపు, వీపు సంచిలో వీపుకి ఆనుకుని. ద్రవాల సంచి, ఛార్జర్లు పైనే ఉంచండి, తనిఖీలో ట్రేలోకి తీయాల్సినవి అవే.

బయల్దేరే రెండు రోజుల ముందు అంతా సర్ది తూచండి. వేలాడే కాటా లేకపోతే ఇంట్లో మనుషులు తూగే మిషన్ మీద సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి నిలబడి తేడా చూడండి. ఎక్కువైతే "ఇది కావాలేమో" అనిపించినవి ముందు తీసేయండి. రెండో జత బూట్లు, హెయిర్ డ్రయర్, లావు పుస్తకం సాధారణంగా అలాంటివే. తర్వాత ఆ సంచి పట్టుకుని మీ అపార్టుమెంటులో మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగండి. ఆయాసమొస్తే ఇంకో అరకిలో తీయండి.

తిరుగు ప్రయాణానికి ఒక మడతపెట్టే గుడ్డసంచి అడుగున పడేసుకోండి. తిండి అయిపోయి 800 గ్రాములు ఖాళీ అయి ఉంటాయి, కానుకలకు ఉన్న చోటు అంతే. చాక్లెట్లు తెచ్చుకోవచ్చు. ఆలివ్ నూనె, సెంటు సీసా లాంటివి 100 మిల్లీలీటర్లు దాటితే ఊళ్ళో కొనకుండా, భద్రతా తనిఖీ దాటాక విమానాశ్రయంలో కొని, రసీదు కనిపించేలా సీలు వేసిన సంచిలోనే ఉంచండి. మధ్యలో విమానం మారే చోట ఆ సీలు విప్పితే సీసా పోయినట్టే. ఆఖరి రాత్రి హోటల్ గదిలో సంచిని మళ్ళీ ఒకసారి కాటాకి తగిలించి చూడండి.